రెండో పెళ్లికి ముందు ఆస్తుల ఒప్పందం: నోటరీ కాగితం సరిపోతుందా?

తులసికోట (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 37 సంవత్సరాలు, ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. మావారు 2020లో గుండెపోటుతో కాలం చేశారు. మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఇరువైపుల పెద్దలూ మాట్లాడిన మీదట, విడాకులు తీసుకుని పన్నెండేళ్ల బాబుతోనూ తల్లిగారితోనూ ఉంటున్న ఒకరిని మాఘమాసంలో వివాహం చేసుకోవాలని నిశ్చయించుకున్నాము. ఆయన మంచి మనిషి, ఈ ఒప్పందం ఆలోచన కూడా ముందుగా ఆయనదే.

నా పేరున 2016లో బ్యాంకు రుణంతో కొన్న ఫ్లాటు ఉంది, దానికి ఇంకా తొమ్మిదేళ్ల కిస్తీలు కట్టవలసి ఉంది. తెనాలి దగ్గర మావారు తన జీతం డబ్బుతో కొన్న ఎకరంన్నర మాగాణి ఉంది, పట్టాదారు పాసుపుస్తకం ఇప్పుడు నా పేరుకు మారింది. ఇవి గాక బంగారం, పాప పేరున వేసిన డిపాజిట్లు ఉన్నాయి. ఆయనకు హైదరాబాదులో సొంత ఇల్లుంది.

మా వీధిలోని దస్తావేజు లేఖరి వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక చిత్తు రాసిచ్చి, దీనిని నోటరీ చేయిస్తే చాలునన్నాడు. అందులో నాలుగు షరతులున్నాయి: ఎవరి ఆస్తి వారిదే; విడిపోతే ఒకరినొకరు మనోవర్తి అడగరాదు; ఎవరి పిల్లలు వారి వద్దనే ఉండాలి; పెళ్లయ్యాక నా ఫ్లాటు కిస్తీలో సగం ఆయన కట్టాలి. ఇది నిజంగా చెల్లుతుందా?

వేంకటాద్రి (నరసరావుపేట)

అమ్మా, నన్ను పాతకాలపు మనిషిననుకున్నా సరే, మనసులో మాట చెబుతాను. పెళ్లిపీటల మీద కూర్చోకముందే విడిపోతే ఎవరికేమిటని రాసుకోవడం నాకు అపశకునంగా తోస్తోంది. మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాను, ఎక్కడా కాగితం రాయలేదు. నమ్మకం లేనిచోట కాగితం నిలబెట్టేదేమీ ఉండదు.

రిటైర్డు సబ్ రిజిస్ట్రారు (ఏలూరు)

వేంకటాద్రి గారూ, మీరు కాగితం రాయలేదంటున్నారు గాని, తాంబూలాలు పుచ్చుకున్ననాడు తెల్లకాగితం మీద లాంఛనాల పద్దు ఎవరో ఒకరు రాసే ఉంటారు. ఆడపడుచుల చీరలు ఎన్ని, పెళ్లి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, పిల్ల పేరున ఎన్ని సెంట్లు పసుపు కుంకుమ కింద ఇస్తారు అన్న లెక్కలన్నీ మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నవే. అందులో పెద్దలకు కావలసినవన్నీ ఉండేవి, పెళ్లి చేసుకోబోయే ఇద్దరి మాట మాత్రం ఉండేది కాదు. ఈ అమ్మాయి అడుగుతున్నది ఆ లోటు పూడ్చుకునే దారి మాత్రమే.

తులసికోట గారూ, నోటరీ సంగతి నేను చెబుతాను, చెల్లుబాటు సంగతి వకీళ్లు చెప్పాలి. నోటరీ ముద్ర ఫలానా రోజున ఫలానావారు తన ఎదుట సంతకం పెట్టారని మాత్రమే చెబుతుంది, లోపల రాసిన షరతుకు అది ప్రాణం పోయదు. రిజిస్ట్రేషనుదీ ఇదే కథ. మా ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలోనూ, వీలునామాలు మూడో పుస్తకంలోనూ, ఇటువంటి ఇతర ఒప్పందాలు నాలుగో పుస్తకంలోనూ ఎక్కేవి. నాలుగో పుస్తకంలోకి ఎక్కినది ఈసీలో (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనిపించదు. రిజిస్టరయింది గనుక గట్టిదనుకుని వెళ్లి, కోర్టులో అది పనికిరాదని తెలుసుకుని తిరిగి వచ్చినవారిని నేను చూశాను.

వకీలు_గోదావరి (రాజమహేంద్రవరం)

కుటుంబ న్యాయస్థానంలో పదిహేనేళ్లుగా వాదిస్తున్నాను. వేదిక మీద రాసే మాట సలహాకు సాటి కాదు గనుక, సంతకానికి ముందు మీ ఇద్దరూ వేర్వేరు న్యాయవాదులను కలవండి. ఇక విషయం.

మన దేశంలో హిందూ వివాహాలకు వివాహపూర్వ ఒప్పందాన్ని ప్రత్యేకంగా గుర్తించే చట్టం లేదు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి 1867 సివిల్ కోడు ప్రకారం పెళ్లికి ముందే నోటరీ ఎదుట ఆస్తుల పద్ధతిని ఎంచుకునే వీలుంది, ముస్లిం వివాహంలో మెహరు (భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము), నికానామా (పెళ్లి ఒప్పంద పత్రం) షరతులు మొదటి నుంచీ ఒప్పందంలో భాగమే. మిగిలిన మనందరికీ 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. దాని 23వ సెక్షను ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదంటుంది, భవిష్యత్తులో విడిపోవడాన్ని ముందుగానే ఊహించి రాసుకున్న షరతులను కోర్టులు చాలాకాలంగా ఆ గాటనే కడుతున్నాయి. 1901లో కలకత్తా హైకోర్టు ముందుకు వచ్చిన టికైత్ మన్‌మోహినీ కేసులో, భర్త ఎప్పటికీ అత్తవారింటనే ఉంటానని పెళ్లికి ముందు రాసిచ్చిన ఒప్పందాన్ని అమలు చేయడానికి కోర్టు నిరాకరించింది.

మీ చిత్తులో అన్నిటికన్నా బలహీనమైనది రెండో షరతు. మనోవర్తి అడగనని ముందే వదులుకోవడం చెల్లదు. 2013లో నాగేంద్రప్ప నాటికర్ కేసులో సుప్రీంకోర్టు, భార్య ఏకమొత్తంగా కొంత సొమ్ము తీసుకుని ఇక అడగనని రాజీపత్రం మీద సంతకం పెట్టినా, హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద ఆమె మళ్లీ అడగవచ్చునని తేల్చింది. విడిపోయాక పెట్టిన సంతకానికే ఆ గతి పడితే, పెళ్లికి ముందు పెట్టినదాని సంగతి వేరే చెప్పనక్కరలేదు. మూడో షరతు కూడా అంతే, పిల్లలు ఎవరి వద్ద ఉండాలన్నది వారి క్షేమాన్ని చూసి కోర్టు నిర్ణయించేదే గాని పెద్దలు రాసుకునేది కాదు.

మొదటి షరతు విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంది. సినిమాల్లోనూ విదేశీ వార్తల్లోనూ విని, విడాకులైతే ఆస్తి చెరిసగం అవుతుందనుకుంటారు. మన చట్టంలో అటువంటి పద్ధతి లేదు, ఎవరి పేరున ఉన్నది వారిదే. పెళ్లయ్యాక కూడబెట్టిన ఆస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న వివాహ చట్టాల సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. హిందూ వివాహ చట్టం 27వ సెక్షను కింద కోర్టు పంచగలిగేది, పెళ్లి సందర్భంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకల వంటివాటినే. అందువల్ల ‘ఎవరి ఆస్తి వారిదే’ అన్న షరతు రాసినా రాయకపోయినా ఫలితం దాదాపు ఒకటే. మనోవర్తి ఎంతన్నది తేల్చేటప్పుడు మాత్రం ఆయన ఆస్తినీ మీ ఆస్తినీ కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. కాంట్రాక్టు చట్టం 24వ సెక్షను ప్రకారం, ఒప్పందపు ప్రతిఫలంలో ఒక భాగం చట్టవిరుద్ధమైతే మొత్తం ఒప్పందమే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మనోవర్తి వదులుకోవడాన్నీ, కిస్తీ డబ్బు లెక్కనూ ఒకే కాగితం మీద ముడిపెడితే, చెల్లే షరతు చెల్లని షరతుతో పాటు మునుగుతుంది. నిక్షేపంగా ఉన్న బియ్యంలో పురుగుపట్టిన బియ్యం కలిపినట్టవుతుంది.

కనుక దస్తావేజు లేఖరి రాసిన చిత్తును పక్కన పెట్టండి. ఒకే కాగితానికి బదులు, ఒక్కో పనికి ఒక్కో పత్రం ఉండాలి.

ఫ్రీమాంట్ వాసి (కాలిఫోర్నియా)

మా ఒప్పందం 2018లో ఇక్కడ రాసుకున్నాము, పెళ్లి మాత్రం భీమవరంలో జరిగింది. ఇక్కడి పద్ధతి వకీలు గారు చెప్పినదానికి పూర్తిగా తలకిందులు గనుక, అమెరికా సంబంధాలు చూస్తున్నవారి కోసం రాస్తున్నాను.

కాలిఫోర్నియాలో పెళ్లయిన తరువాత ఇద్దరూ సంపాదించినది, ఎవరి పేరున ఉన్నా, సమష్టి ఆస్తి కిందికి వస్తుంది. టెక్సాస్ కూడా సమష్టి ఆస్తి రాష్ట్రమే. ఈ పద్ధతిని మార్చుకోవాలంటే వివాహపూర్వ ఒప్పందం రాసుకోవచ్చు, 1986 నుంచి దానికి ప్రత్యేక చట్టం ఉంది. తుది ప్రతి చేతికందిన తరువాత ఏడు రోజులైనా గడవనిదే సంతకం పెట్టకూడదు. భరణం వదులుకునే షరతు ఉంటే, వదులుకునే వ్యక్తికి సొంత న్యాయవాది లేకపోతే అది చెల్లదు. పిల్లల పోషణను ఎవరూ ఒప్పందంతో తగ్గించలేరు. ఇద్దరూ తమ ఆస్తిపాస్తులను, అప్పులను దాచకుండా చెప్పాలి.

చివరి నియమం దగ్గరే నా పరువు పోయింది. న్యాయవాది ఇచ్చిన పట్టికలో నా చదువు అప్పు రాయడం మరచిపోయాను, మరచిపోయానని ఇప్పుడు అంటున్నాను గాని, అప్పట్లో చెప్పడానికి మొహం చెల్లక వదిలేశాను. నా భార్య తన పట్టికలో అమ్మమ్మ ఇచ్చిన రాళ్ల దుద్దులు కూడా రాసింది. నా పట్టికను ఆమె న్యాయవాది పరిశీలించి, నా జీతం లెక్కకూ మిగులుకూ పొంతన కుదరడం లేదని ప్రశ్నించినప్పుడు, ఫోనులో ఆమె కాసేపు మాట్లాడలేదు. ఒప్పందం సంతకానికి నోచుకున్నది ఆ తరువాత రెండు నెలలకు.

వీసా విషయంలో ఒక జాగ్రత్త. గ్రీన్‌కార్డు కోసం భర్త ఐ-864 పత్రం ఇస్తే, ఆమెను పోషిస్తానని ప్రభుత్వానికి మాటిచ్చినట్టు. వివాహపూర్వ ఒప్పందంలో భరణం లేదని రాసుకున్నా ఆ బాధ్యత పోదని 2016లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పు ఇచ్చింది.

తులసికోట

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారి వివరణ ఆయనకు చదివి వినిపించాను. మనోవర్తి షరతు తీసివేయడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు, అది తన మొదటి విడాకుల భయంతో లేఖరి చేత రాయించిన మాటని కూడా చెప్పారు. నాకు ఇప్పుడు మిగిలిన బెంగ పాప గురించే. రేపు నాకేమైనా అయితే ఫ్లాటు, పొలం పాపకు చేరాలి. ఫ్లాటును ఇప్పుడే పాప పేరున గిఫ్టు డీడు రాసేయమని మా అన్నయ్య అంటున్నాడు.

రిటైర్డు సబ్ రిజిస్ట్రారు (ఏలూరు)

అన్నయ్య గారి ప్రేమ అర్థమవుతోంది గాని, ఆ పని చేయకండి. మొదటిది, ఫ్లాటు బ్యాంకు తనఖాలో ఉంది, వారి అనుమతి లేకుండా దానం రాయకూడదు. రెండోది, మైనరు పేరున పడిన స్థిరాస్తిని అమ్మాలన్నా తనఖా పెట్టాలన్నా 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం జిల్లా కోర్టు అనుమతి కావాలి. రేపు పాప చదువుకే డబ్బు అవసరమైతే, మీ ఇంటిని మీరే అమ్మలేక కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

మీ భయం మాత్రం నిజమైనదే. వీలునామా లేకుండా హిందూ స్త్రీ మరణిస్తే, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను కింద ఆమె ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా వెళ్తుంది. అంటే మీ ఫ్లాటులో సగం పాపకు, సగం ఆయనకు చేరుతుంది. ఆయన కూడా వీలునామా లేకుండా పోతే, ఆ సగం ఆయన బాబుకూ తల్లిగారికీ వెళ్తుంది గాని మీ పాపకు రాదు, ఎందుకంటే సవతి కూతురు ఆయన మొదటి తరగతి వారసుల జాబితాలో లేదు. ఈ దారిని మార్చేది వీలునామా. దానిని రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు గాని చేయించండి, ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. ఆయన చేత కూడా ఆయన వీలునామా రాయించండి, ఒక్కరే రాస్తే అది అనుమానంగా కనిపిస్తుంది.

పొలం గురించి మీరు రాసిన వాక్యం చదివి నేను కొంచెం ఆగిపోయాను. పాసుపుస్తకం మీ పేరున మారిందన్నారు. భర్త సొంతంగా కొన్న పొలానికి ఆయన తదనంతరం భార్య, కూతురు, తల్లి ముగ్గురూ సమాన వారసులు. మీ అత్తగారు జీవించి ఉంటే, ఆ ఎకరంన్నరలో మీవి యాభై సెంట్లు, పాపవి యాభై సెంట్లు, ఆవిడవి యాభై సెంట్లు. రెవెన్యూ పుస్తకంలో పేరు ఉన్నంత మాత్రాన ఆ వాటాలు చెరిగిపోవు. రెండో పెళ్లి చేసుకున్నందువల్ల మీ వాటా కూడా పోదు, ఆ భయం ఎవరైనా పెడితే నమ్మకండి.

తులసికోట

అత్తగారు ఉన్నారు, తెనాలిలో మా మరిది వద్ద ఉంటారు. ఆవిడకు వాటా ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. పొలం మొత్తం నాదేనన్నట్టు ఆయనకు ఆస్తుల పట్టిక ఇచ్చాను. సిగ్గుగా ఉంది.

వకీలు_గోదావరి (రాజమహేంద్రవరం)

సిగ్గుపడనక్కరలేదు, పట్టిక ఎందుకు రాయాలో మీకు ఇప్పుడు తెలిసింది. 2020లో రజ్‌నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు మనోవర్తి దావాల కోసం ఆస్తులు, అప్పుల అఫిడవిట్టుకు ఒక నమూనా ఇచ్చింది. జీతం, అద్దెలు, బీమాలు, అప్పులు, ఆధారపడిన తల్లిదండ్రులు, అన్నీ అందులో ఉన్నాయి. విడిపోయేటప్పుడు నింపే ఆ నమూనాను పెళ్లికి ముందు ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నింపుకుంటే, చిన్నవీ పెద్దవీ ఏవీ మరుగున పడవు. నా కక్షిదారులకు ఇదే చెబుతాను.

ఇక కిస్తీ షరతు. ఇది ఒక్కటే విడి ఒప్పందంగా రాయదగినది. పెళ్లయ్యాక ఆయన నెలనెలా మీ ఫ్లాటు కిస్తీలో సగం కడితే, ఆ డబ్బు ఆయన మీకు ఇచ్చిన అప్పా, కానుకా, లేక ఇద్దరూ కాపురముండే ఇంటికి ఖర్చా అన్నది ఈనాడే తేలాలి. తొమ్మిదేళ్ల తరువాత ఎవరూ దానిని గుర్తుతెచ్చుకుని ఒకే మాట చెప్పరు. ఇంటి ఖర్చు అని నిర్ణయిస్తే, ఫ్లాటులో తనకు హక్కు కోరనని ఒక వాక్యం. అప్పు అని నిర్ణయిస్తే, ఎప్పుడు ఎలా తీర్చాలో రెండు వాక్యాలు. సొమ్ము బ్యాంకు ఖాతా ద్వారానే వెళ్లాలి.

మంగళసూత్రం_కథలు (వరంగల్)

బంగారం గురించి ఎవరూ వివరంగా రాయలేదు గనుక నేను రాస్తాను. నా మొదటి పెళ్లి విడాకులతో ముగిసినప్పుడు నేను పోగొట్టుకున్నది ఎక్కువగా బంగారమే, ఎందుకంటే ఏది ఎవరు పెట్టారో చూపడానికి నా వద్ద కాగితం ముక్క లేదు. 1985లో ప్రతిభా రాణి కేసులో స్త్రీధనం పూర్తిగా భార్యదేనని సుప్రీంకోర్టు చెప్పింది, అయినా నాకు నగలు ఉన్నాయని నేనే నిరూపించుకోవలసి వచ్చింది.

రెండో పెళ్లప్పుడు 1985 నాటి వరకట్న నిషేధ నిబంధనల ప్రకారమే పట్టిక రాసుకున్నాము. వధువుకు వచ్చిన కానుకల పట్టిక వధువు, వరుడికి వచ్చిన వాటి పట్టిక వరుడు ఉంచుకోవాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. నా పట్టికలో మొదటి వరుస ఇలా ఉంది: ‘కాసులపేరు, ఒకటి, 48 గ్రాములు, అమ్మ ఇచ్చినది, మూడో కాసు దగ్గర అతుకు ఉంది.’ అతుకు సంగతి రాయమన్నది మా కంసాలి. ఫోటోలో అన్ని కాసులపేర్లూ ఒకలాగే కనిపిస్తాయి, అతుకు మాత్రం ఒక్కదానికే ఉంటుందన్నాడు.

వేంకటాద్రి (నరసరావుపేట)

నా మొదటి మాట కొంత తొందరపాటని ఒప్పుకుంటాను, అయితే ఒక సందేహం. మా తాతగారు ఇల్లరికం వెళ్లారు. మామగారి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తామని ముందే మాట్లాడుకుని పెళ్లి చేశారు, ఆ వాటా ఆయనకు వచ్చింది కూడా. వకీలు గారు చెప్పిన 1901 తీర్పు ప్రకారం అది చెల్లకూడదు కదా?

వకీలు_గోదావరి (రాజమహేంద్రవరం)

మంచి ప్రశ్న. మన ప్రాంతంలో కొన్ని రైతు కులాలలో ఇల్లరికపు అల్లుడి హక్కును ఆచారంగా పాత మద్రాసు హైకోర్టు గుర్తించింది. అక్కడ అల్లుడు మామగారి కుటుంబానికి అండగా ఉండి, సేద్యం చేసినందుకు ఆస్తిలో వాటా పొందుతాడు. కలకత్తా కేసులో భర్త కాపురం ఎక్కడ ఉండాలన్నదే ఒప్పందపు అసలు విషయం, మీ తాతగారి వ్యవహారంలో అసలు విషయం ఆస్తి. నా వాదన అంతా ఇదే: కాపురాన్ని కాగితంతో కట్టడి చేయబోతే కోర్టు నిలబెట్టదు, ఆస్తిని ఆస్తిగా రాసుకుంటే నిలబడుతుంది.

ఒక హెచ్చరిక కూడా. ‘పెళ్లికి ప్రతిగా’ ఇంత ఇస్తామని ఏ పత్రంలోనూ రాయకండి. అది ఒప్పందం కాదు, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద నేరానికి సాక్ష్యం.

తులసికోట

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. గత ఆదివారం ఇద్దరమూ తెనాలి వెళ్లి అత్తగారిని కలిశాము. పెళ్లి సంగతి ఆవిడకు ఇదివరకే తెలుసు. యాభై సెంట్లు మీవని చెప్పినప్పుడు, ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, తన వాటా మనవరాలి పేరున పెట్టమన్నారు. వకీలును కలిసే వరకు ఏదీ రాయవద్దని నేనే ఆపాను, ఆవిడకు మందుల ఖర్చు ఉంది, ఆ కౌలు డబ్బు ఆవిడకే వెళ్లాలి.

మేము ఇప్పటికి అనుకున్నవి ఇవి. మనోవర్తి, పిల్లల షరతులు లేవు. ఆయన కట్టే సగం కిస్తీని ఇంటి ఖర్చుగా భావించాలని, ఫ్లాటులో ఆయన హక్కు కోరరని విడిగా ఒక ఒప్పందం. ఇద్దరివీ వేర్వేరు వీలునామాలు. నా వీలునామాలో ఫ్లాటు పాపకు, అయితే ఆమెకు ఇరవై అయిదేళ్లు వచ్చే వరకు ఆయన అందులో కాపురముండవచ్చునన్న వాక్యం నా అంతట నేను చేర్చాను. బంగారం పట్టిక సగం అయింది, వరంగల్ అక్కగారి మాట ప్రకారం అతుకులు కూడా రాస్తున్నాను.

ఒకే ఒక సందేహం మిగిలింది. వీలునామాకు సాక్షిగా మా నాన్నగారిని పెట్టుకోవచ్చా? ఆయనకు 71 ఏళ్లు.

రిటైర్డు సబ్ రిజిస్ట్రారు (ఏలూరు)

చట్టం ప్రకారం అభ్యంతరం లేదు. కాని వీలునామా తెరిచేది మీ తదనంతరం, అప్పుడు సాక్షి వచ్చి అది తన సంతకమేనని చెప్పాలి. మీకంటే చిన్నవారిని, మీ ఊరు వదిలి వెళ్లనివారిని, వీలునామాలో ఏ వాటా లేనివారిని ఇద్దరిని చూసుకోండి. మీ కళాశాలలో మీతో పనిచేసేవారు ఎవరైనా ఉంటే సరిపోతుంది. ఆధారు కార్డులు ఇద్దరినీ తెచ్చుకోమనండి, రిజిస్ట్రారు ఆఫీసుకు పదకొండు గంటల లోపు వెళితే రద్దీ ఉండదు.